బటన్ సగం నొక్కినప్పుడు వచ్చే ఆ 'ర్ర్ర్' చప్పుడు: ఎక్స్‌రే గది లోపలి నుంచి ఒక జవాబు

మీ అమ్మగారికి నడుము ఎక్స్‌రే ఒకేరోజు మూడుసార్లు తీశారని రాశారు. మెషీన్‌లో రేడియం లాంటి పదార్థం ఉంటుందా, తీసేశాక కూడా గదిలో కిరణాలు మిగులుతాయా, ఆపరేటర్ కేవీ, ఎంఏ అంటూ మార్చే నంబర్లు ఏంటి, బటన్ నొక్కేముందు ఆయన ఎందుకు బయటికి వెళ్లిపోతాడు అని అడిగారు. నేను డీఎంఐటీ, అంటే మెడికల్ ఇమేజింగ్ డిప్లొమా చదివి పద్దెనిమిదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. మొదట ఖమ్మం జిల్లాలో ఓ చిన్న నర్సింగ్ హోమ్, ఇప్పుడు హైదరాబాద్. ఫిజిక్స్ ప్రొఫెసర్‌ని కాను. రోజూ బటన్ నొక్కేవాడిగా చెప్తున్నాను.

ముందు మీ భయం సంగతి. మామూలు ఎక్స్‌రే మెషీన్‌లో రేడియోధార్మిక పదార్థం చిటికెడు కూడా ఉండదు. కరెంటు ఉంటేనే కిరణం. బటన్ వదిలితే అయిపోయినట్టే. స్విచ్ ఆపాక గదిలో బల్బు వెలుతురు ఎలా మిగలదో ఇదీ అంతే. గోడలకి అంటుకోదు, బట్టలకి పట్టుకోదు. క్యాన్సర్ వైద్యంలో వాడే కోబాల్ట్ మెషీన్ వేరు. అందులో కోబాల్ట్-60 నిజంగానే ఉంటుంది, కరెంటు పోయినా అది కిరణాలు ఇస్తూనే ఉంటుంది. జనం ఈ రెంటినీ కలిపేసుకుని మా గదిలోకి రావడానికే జంకుతారు.

మరి పదార్థమే లేకపోతే కిరణం ఎక్కడినుంచి వస్తుంది?

టేబుల్ పైన వేలాడే ఆ పెద్ద డబ్బా ఉంది చూశారా, దాని లోపల నూనెలో మునిగి ఒక గాజు గొట్టం ఉంటుంది. గాలి మొత్తం తీసేసిన గొట్టం. ఒక చివర టంగ్‌స్టన్ తీగ, పాత పసుపు బల్బులో ఉండే లాంటిదే. ఎదురుగా ఒకట్రెండు సెంటీమీటర్ల దూరంలో ఒక డిస్కు, దానికీ టంగ్‌స్టన్ పూతే. తీగలో కరెంటు పంపితే అది తెల్లగా కాలి ఎలక్ట్రాన్లని వదులుతుంది. ఇప్పుడు తీగకీ డిస్కుకీ మధ్య వేల వోల్టులు పెడితే ఆ ఎలక్ట్రాన్లు డిస్కు మీదకి దూసుకెళ్లి గుద్దుకుంటాయి. 80 కేవీ పెట్టామంటే 80,000 వోల్టులు. ఆ దెబ్బకి ఎలక్ట్రాన్ వేగం కాంతి వేగంలో దాదాపు సగం ఉంటుంది. అంత వేగంతో వచ్చింది టంగ్‌స్టన్ అణువుల మధ్య ఠక్కున మందగించినప్పుడు పోగొట్టుకున్న శక్తిలో కొంత ఎక్స్‌రేగా బయటికి వస్తుంది. అంతే కథ.

కొంత అంటే ఎంతో తెలుసా? సుమారు 1 శాతం. మిగతా 99 శాతం ఉత్త వేడి. నన్నడిగితే ఎక్స్‌రే ట్యూబ్‌ని వేడి పుట్టించే యంత్రం అనాలి, కిరణాలు దానికి కొసరు. ఓ లెక్క చెప్తాను. నడుముని పక్కనుంచి తీయాలంటే పాత మెషీన్‌లో 90 కేవీ, 100 ఎంఏ, ఒక సెకను పెట్టేవాళ్లం. 90,000 వోల్టులు, 0.1 ఆంపియర్ అంటే దాదాపు 9,000 వాట్లు. అది పీక్ వోల్టేజి కాబట్టి నిజానికి కొంచెం తక్కువే అనుకోండి. అయినా వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు తొమ్మిది తెచ్చి వాటి వేడంతా మిల్లీమీటర్లలో కొలిచే మచ్చ మీద గుమ్మరించినట్టు. టంగ్‌స్టన్ 3,400 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ కరగదు, అయినా ఒకే చోట పడితే గుంట పడుతుంది. అందుకే డిస్కుని గిర్రున తిప్పుతారు. వేడి ఒక్క చుక్క మీద కాకుండా చక్రం అంచు చుట్టూ పరుచుకుంటుంది. మామూలుగా నిమిషానికి 3,000 చుట్ల దాకా, పెద్ద మెషీన్లలో 9,000 పైన.

మా చేతిలో ఉండే బటన్‌కి రెండు మెట్లు ఉంటాయి. సగం నొక్కగానే వినిపించే 'ర్ర్ర్' ఆ డిస్కు తిరగడం మొదలుపెట్టిన చప్పుడే. అదే సమయంలో తీగ కూడా పూర్తి వేడికి వస్తుంది. అప్పటికి ఇంకా కిరణం పుట్టలేదు. ఒక సెకను ఆగి పూర్తిగా నొక్కితేనే వోల్టులు పడతాయి, 'టిక్' మంటుంది, అయిపోతుంది. చాలామంది ఆ ర్ర్ర్ వినగానే కిరణాలు వచ్చేస్తున్నాయని బిగుసుకుపోతారు. పాపం అప్పుడే ఊపిరి కూడా వదిలేస్తారు, తీరా టిక్ అనేసరికి ఛాతీ కదులుతుంటుంది. ఒకసారి ఓ అవ్వకి "ఊపిరి బాగా పీల్చి ఆపు" అన్నాను. "ఆపితే సచ్చిపోతా గద బిడ్డా" అని నా వైపు తిరిగింది. అంతే, ఫిల్ము పోయింది.

సగం నొక్కి ఎక్కువసేపు పట్టుకోవడం కూడా మంచిది కాదు. తెల్లగా కాలే తీగ ఆవిరై గాజుకి లోపల పూతలా పడుతుంది, ట్యూబ్ ఆయుష్షు తగ్గుతుంది. కానీ ఏడ్చే పసిపిల్లలకి ఛాతీ తీయాలంటే పట్టుకోక తప్పదు. ఏడుపుకీ ఏడుపుకీ మధ్య పిల్ల గుక్క పీల్చుకునే ఆ అర సెకను కోసం కాచుకుని ఉండాలి. అది నంబర్లలో లేదు, చెవిలో ఉంది.

ఇక నంబర్లు. చిన్నప్పుడు మామిడికాయల కోసం రాళ్లు విసిరారా? కేవీ అంటే ఎంత బలంగా విసిరాం అన్నది. ఎంఏఎస్ అంటే మొత్తం ఎన్ని రాళ్లు విసిరాం అన్నది. ఎంఏ అంటే తీగ నుంచి డిస్కుకి పారే ఎలక్ట్రాన్ల కరెంటు, దాన్ని సెకన్లతో గుణిస్తే ఎంఏఎస్. చేతివేళ్లకి 50, 55 కేవీ చాలు. లావాటి మనిషి నడుముని పక్కనుంచి తీయాలంటే 90 కావాలి, లేకపోతే కిరణాలు ఒంట్లోనే ఆగిపోయి ఫిల్ము తెల్లగా వస్తుంది. బలం లేని రాయిని వంద విసిరినా పై కొమ్మకి అందదు కదా.

ఇక్కడ ఓ తమాషా ఉంది. కేవీని 15 శాతం పెంచితే ఫిల్ము మీద నలుపు ఎంఏఎస్‌ని రెట్టింపు చేసినంత పెరుగుతుంది. 60 నుంచి 69కి వెళ్తే ఎంఏఎస్ సగానికి తగ్గించుకోవచ్చు. పేషెంటుకి డోసు, అంటే ఒంట్లోకి పోయే కిరణాల మోతాదు, తగ్గుతుంది. బదులుగా ఎముకకీ కండకీ మధ్య నలుపు తెలుపుల తేడా కాస్త పలచబడుతుంది. ఏది వదులుకోవాలి, ఏది దక్కించుకోవాలి అన్నదే మా రోజువారీ బేరం.

10 ఎంఏఎస్ కావాలంటే 100 ఎంఏ, 0.1 సెకను పెట్టొచ్చు. 200 ఎంఏ, 0.05 సెకను కూడా అంతే. ఆయాసంతో ఊగిపోయే తాతకి రెండోది. మరి ఎప్పుడూ రెండోదే వాడొచ్చు కదా అంటే, వేడి ఊరుకోదు. ట్యూబ్‌లో సాధారణంగా రెండు తీగలుంటాయి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. చిన్న తీగతో కిరణం పుట్టే మచ్చ 0.6 మిల్లీమీటర్లు ఉంటే పెద్దదానితో 1.2 అలా ఉంటుంది. మచ్చ చిన్నదైతే నీడ అంచు పదునుగా వస్తుంది, మణికట్టులో సన్నటి పగులు కూడా కనబడుతుంది. కానీ అంత చిన్న మచ్చ మీద ఎక్కువ ఎంఏ పోయలేం.

ఈ కేవీ, ఎంఏ నాబులు రెండూ వేరువేరుగా ఉండటం మొదటినుంచీ ఉన్న సౌకర్యం కాదు. జర్మనీలోని వూర్ట్స్‌బర్గ్‌లో 1895 నవంబర్ 8న రాంట్‌జెన్ ఈ కిరణాలని కనిపెట్టినప్పుడు తీగని కాల్చే పద్ధతి లేదు. గొట్టంలో మిగిలిన కాస్త గాలే ఎలక్ట్రాన్లకి ఆధారం. గాలి తగ్గేకొద్దీ ట్యూబ్ గుణం మారిపోయేది, బలం, లెక్క రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉండేవి. 1913లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన కూలిడ్జ్ కాలే టంగ్‌స్టన్ తీగ ట్యూబ్ తెచ్చాడు. తీగ వేడితో ఎలక్ట్రాన్ల సంఖ్య, వోల్టులతో వాటి వేగం, దేనికది విడిగా. ఈరోజు నేను వాడే ట్యూబ్ మూలంలో అదే.

80 కేవీ పెడితే వచ్చే కిరణాలన్నీ 80 బలంతో ఉండవు. కింద నుంచి 80 దాకా అన్ని రకాలూ కలగలిసి వస్తాయి, సగటు ఎక్కడో మూడో వంతుకీ సగానికీ మధ్య ఉంటుంది. టంగ్‌స్టన్‌కి దాని సొంత ముద్ర లాంటి కిరణాలు కూడా ఉన్నాయి, 59 దగ్గర. అవి రావాలంటే దాదాపు 70 కేవీ దాటాలి. అందుకే 55లో తీసిన చేతి ఫిల్ముకి అవి ఉండవు. ఈ కలగూరగంపలో అడుగున ఉండే బలహీనమైన కిరణాలే ప్రమాదం. ఒంటి గుండా అవతలికి రాలేవు, ఫోటోకి పనికిరావు, చర్మంలోనే ఆగి ఊరికే డోసు పెంచుతాయి. వాటిని ఆపడానికి ట్యూబ్ నోటి దగ్గర అల్యూమినియం రేకు ఉంటుంది. 70 కేవీ పైన వాడే మెషీన్లకి అంతా కలిపి 2.5 మిల్లీమీటర్ల అల్యూమినియంకి సమానమైన ఫిల్టర్ ఉండాలి. తాలు గింజల్ని తూర్పారబట్టి గట్టి గింజల్ని ఉంచుకోవడం లాంటిది. దాని ఊసు ఎవరూ ఎత్తరు. సర్వీసుకి విప్పినవాళ్లు దాన్ని మళ్లీ బిగించారో లేదో మాత్రం నేను అడిగి మరీ తెలుసుకుంటాను.

నా మొదటి ఉద్యోగంలో సింగిల్ ఫేజ్ పాత మెషీన్. మే నెల సాయంత్రాలు ఊళ్లో కూలర్లన్నీ ఆన్ అయ్యేసరికి లైను వోల్టేజి పడిపోయేది. కన్సోల్ మీద ఓ ముల్లు, ఒక ఎర్ర గీత. ప్రతి ఎక్స్‌పోజర్‌కి ముందు నాబు తిప్పి ముల్లుని గీత మీదకి తేవాలి. తేకపోతే నేను 70 పెట్టాననుకుంటాను, ట్యూబ్‌కి అందేది 63, 64. తీగకి వెళ్లే కరెంటు కాస్త తగ్గినా ఎంఏ బాగా పడిపోతుంది, దానికి స్టెబిలైజర్ ఉన్నా అది కూడా ముసలిదే. డార్క్ రూమ్‌లో ఫిల్ము ఎత్తి చూస్తే పాలకడలి. ఇప్పటి హై ఫ్రీక్వెన్సీ మెషీన్లలో ఈ టెన్షన్ చాలావరకు లేదు. వాటి వోల్టులు పైకీ కిందకీ ఊగకుండా దాదాపు సమంగా ఉంటాయి, కాబట్టి పనికిరాని బలహీన కిరణాలు కూడా తక్కువే పుడతాయి.

అక్కడే పప్పులో కాలేశాను కూడా. డిసెంబర్‌లో ఓ పొద్దున ఎనిమిదింటికి గది తెరిచాను. మొదటి పేషెంటే నడుము, భారీ మనిషి. రాత్రంతా చల్లబడిన ట్యూబ్‌కి నేరుగా 90 కేవీ, 100 ఎంఏఎస్ కొట్టాను. ముందురోజు దాకా లేని గరగర చప్పుడు ఆరోజు నుంచి వచ్చింది. ఫిల్ములు ఒకటి నల్లగా, ఒకటి తెల్లగా. నెల తిరక్కుండా ట్యూబ్ పోయింది. మార్చడానికి వచ్చిన ఇంజనీర్ పాతదాని లోపలి డిస్కు చూపించాడు. మధ్య నుంచి అంచు దాకా వెంట్రుకంత పగులు. చలికాలం గాజు గ్లాసులో సలసలమరిగే టీ పోస్తే ఏమవుతుందో అదే. అంతకుముందే పాడైన ట్యూబ్ అని మా సీనియర్ అన్న నన్ను వెనకేసుకొచ్చాడు గానీ, తప్పు నాదేనని నాకు తెలుసు. అప్పటినుంచి పొద్దున రాగానే షట్టర్లు మూసి తక్కువ కేవీతో రెండు మూడు ఎక్స్‌పోజర్లు ఇచ్చి ట్యూబ్‌ని వేడెక్కించాకే మొదటి పేరు పిలుస్తాను.

ఇక షట్టర్లు. నా దృష్టిలో ఆపరేటర్ చేతిలో ఉన్న వాటన్నిటిలో విలువైనది ఇదే, అందరూ నిర్లక్ష్యం చేసేదీ ఇదే. మీ అమ్మగారి నడుము మీద పసుపు వెలుతురు, మధ్యలో ప్లస్ గుర్తు పడింది కదా. అది ఎక్స్‌రే కాదు, మామూలు బల్బు. ఎక్స్‌రే కంటికి కనబడదు కాబట్టి, అది ఎక్కడ పడబోతోందో ముందే చూపించడానికి అద్దం పెట్టి ఆ వెలుతురుని అదే దారిలో పంపుతారు. పక్కన ఉన్న నాబులు తిప్పితే లోపల సీసం పలకలు దగ్గరకి వచ్చి వెలుతురూ కిరణమూ రెండూ చిన్నవవుతాయి.

కానీ వెలుతురు, కిరణం ఒకేచోట పడుతున్నాయని గ్యారంటీ ఏంటి? ఒకసారి బల్బు మాడిపోతే ఎవరో లోకల్ ఎలక్ట్రీషియన్‌తో మార్పించారు. ఆ వారంలో నావి మూడు ఛాతీ ఫిల్ములు ఒక పక్క తెగిపోయాయి. నేను సరిగ్గా పెట్టలేదేమోనని నన్ను నేనే తిట్టుకున్నాను. చివరికి సాయంత్రం ఫిల్ము ఎక్కించిన కాసెట్ టేబుల్ మీద పెట్టి, వెలుతురు చతురస్రానికి నాలుగు అంచుల్లో జంటలుగా రూపాయి బిళ్లలు పెట్టాను, గీతకి లోపల ఒకటి, బయట ఒకటి ఆనుకునేలా. ఒక పక్క గుర్తుగా అదనంగా ఇంకో బిళ్ల. 50 కేవీతో చిన్న ఎక్స్‌పోజర్. ఫిల్ము కడిగి చూస్తే నల్లటి చతురస్రం ఒకవైపు లోపలి బిళ్ల దాకా కూడా రాలేదు, దానికి ఎదుటి అంచులో బయటి బిళ్ల కూడా పూర్తిగా నలుపులో ఉంది. అంటే వెలుతురు ఒకచోట, కిరణం ఇంకోచోట. 100 సెంటీమీటర్ల దూరంలో తేడా 2 సెంటీమీటర్లు మించకూడదు, అక్కడ మూడు దాటింది. బల్బు కొంచెం ఓరగా కూర్చుంది, అంతే. బిళ్లల ఫిల్ముని డాక్టరుగారి టేబుల్ మీద పెడితే మర్నాడే కంపెనీ మనిషిని పిలిపించారు.

షట్టర్ మూయడం డోసు కోసమే కాదు, ఫోటో కోసం కూడా. కిరణం ఒంట్లో పడగానే కొంత చెదిరి అన్ని వైపులా పోతుంది. పొగమంచులో హెడ్‌లైట్ వేస్తే ముందున్నది కనబడకుండా అంతా తెల్లబారినట్టు, ఆ చెదిరిన కిరణాలు ఫిల్ముని మసక చేస్తాయి. ఎంత వెడల్పు తెరిస్తే అంత మసక. మిగిలిన మసకని ఆపడానికి టేబుల్ కింద సన్నటి సీసం రేకుల తడిక ఉంటుంది, దాన్నే గ్రిడ్ అంటాం. తిన్నగా వచ్చిన కిరణం రేకుల సందుల్లోంచి దూరుతుంది, అడ్డదిడ్డంగా వచ్చినది రేకుకి తగిలి ఆగుతుంది. జర్మనీ డాక్టర్ గుస్టావ్ బకీ 1913లో కనిపెట్టాడు, అందుకే ఈరోజుకీ మేం టేబుల్ ట్రేని బకీ అనే పిలుస్తాం. గ్రిడ్ పెడితే ఎంఏఎస్ పెంచాలి, కొన్ని మంచి కిరణాలు కూడా అందులో పోతాయి కాబట్టి. చేతికి, మడమకి అనవసరం.

ఇప్పటి డిజిటల్ మెషీన్లలో ఈ క్రమశిక్షణ సడలిపోతోందని నా బాధ. ఫిల్ము రోజుల్లో ఎక్స్‌పోజర్ ఎక్కువైతే నల్లగా వచ్చి నలుగురిలో పరువు పోయేది. ఇప్పుడు రెట్టింపు ఇచ్చినా కంప్యూటర్ సర్ది చక్కటి ఫోటో ఇస్తుంది, ఇంకా గరుకు లేకుండా బాగుంటుంది కూడా. తక్కువైతే మాత్రం చుక్కలు చుక్కలుగా వస్తుంది, డాక్టరు తిడతాడు. దాంతో చేతులు తెలియకుండానే పైకి పోతాయి. షట్టర్లు బార్లా తెరిచి తీసి, తర్వాత మౌస్‌తో అంచులు కట్ చేసేవాళ్లని చూశాను. ఫోటో చిన్నదవుతుంది, మనిషి ఒంట్లోకి పోయిన కిరణం ఎలా వెనక్కి వస్తుంది?

మీ అమ్మగారి మూడు ఎక్స్‌రేల విషయం. నడుముకి ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, ఈ రెండూ మామూలే. మూడోది వెన్ను అడుగున కీలు మీద విడిగా తీసింది కావచ్చు, లేదా కదిలి మసకైతే మళ్లీ తీసింది కావచ్చు. నడుము సెట్టుకి డోసు సుమారు 1 నుంచి 1.5 మిల్లీసీవర్ట్, డోసుని కొలిచే యూనిట్ అది. ఛాతీకైతే 0.1 లోపే. పోల్చుకోవాలంటే, మట్టి, గాలి, ఆకాశం నుంచి మనందరికీ ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్ ఎలాగూ వస్తుంది. కాబట్టి నిద్ర పాడుచేసుకోకండి. కానీ ఆ ఫిల్ములు లేదా సీడీ పారేయకండి. వచ్చే నెల ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే చేతిలో పెట్టుకుని వెళ్లండి, సగం సార్లు మళ్లీ తీయాల్సిన పనే ఉండదు. ఎక్స్‌రే తీయించుకునేది గర్భిణి అయితే తీయకముందే చెప్పాలి, మేం అడగడం మర్చిపోయినా మీరు మర్చిపోవద్దు.

చివరిగా, మేం ఎందుకు బయటికి పోతాం? మీ అమ్మగారికి ఏడాదికి ఒకటో రెండో. నేను రోజుకి అరవై డెబ్భై తీస్తాను. ప్రతిసారీ పేషెంటు ఒంటి నుంచి చెదిరే కిరణాలు గదంతా పడతాయి, టిక్ అన్న ఆ క్షణం మాత్రమే. గది మధ్య నిలబడితే రోజుకి అరవైసార్లు నాకు తగులుతాయి. మా చొక్కాకి ఓ చిన్న బ్యాడ్జి వేలాడుతుంటుంది, టీఎల్‌డీ అంటాం. మూడు నెలలకోసారి ల్యాబ్‌కి పంపితే ఎంత పడిందో లెక్క వస్తుంది. మాకు ఏఈఆర్‌బీ, అంటే దేశంలో రేడియేషన్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ, పెట్టిన హద్దు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్. నా రిపోర్టులు దాదాపు ఎప్పుడూ సున్నా దగ్గరే ఉన్నాయి. ఒక్కసారి కొంచెం ఎక్కువ వచ్చింది, కారణం వెతికితే బ్యాడ్జిని లోపల కొక్కేనికి తగిలించి భోజనానికి వెళ్లిన రోజులు బయటపడ్డాయి.